గల్లాపెట్టెకు అవతలి వైపు

ఉత్తర తమిళనాడు బజార్లలో ట్రాన్స్ మహిళలకూ వ్యాపారులకూ మధ్య సంబంధం కొత్తది కాదు. ఊత్తుకోటలాంటి సరిహద్దు ఊళ్లలోనైనా, తిరుత్తణిలాంటి కొండకింద ఊళ్లలోనైనా తీరు ఒక్కటే. వాళ్లు అంగడి ముందుకొచ్చి నిలబడతారు, చప్పట్లు చరుస్తారు, దీవిస్తారు. యజమాని గల్లాపెట్టెలోంచి ఐదో పదో తీసిస్తాడు. తమిళంలో దీన్ని ‘కడై కేట్టల్’ అంటారు, అంటే అంగళ్లు అడగడం. వాళ్లు తిరిగిచ్చిన రూపాయి బిళ్లను అదృష్టమని గల్లాలో దాచుకునేవారూ ఉన్నారు. అదే అంగట్లో చీరలు చూపడానికో, సరుకు తూచడానికో, లెక్క రాయడానికో వాళ్లను పెట్టుకునేవారు మాత్రం అరుదు. దీవెనకు పనికొచ్చిన చెయ్యి బిల్లు రాయడానికి ఎందుకు పనికిరాదని కొందరు అడగడం మొదలుపెట్టారు. వ్యాపార సంస్థల తలుపులు ఎల్‌జీబీటీక్యూ వ్యక్తులకు తెరిపించే ప్రయత్నం ఈ ప్రశ్నతోనే మొదలైంది. దీన్ని నడిపించినవాళ్లలో పెద్ద సంఘాలకన్నా ఒంటరి మనుషులే ఎక్కువగా కనిపిస్తారు.

రెండు రకాల అడ్డంకులు

ఎల్‌జీబీటీక్యూ అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది మొదటిది. లెస్బియన్, గే, బైసెక్సువల్ అన్న మాటలు దీని గురించినవి. మనిషి తనను ఆడగా, మగగా, మరోలా ఎలా ఎరుగుతారన్నది రెండోది. ట్రాన్స్‌జెండర్ అన్న మాట దీనిది. క్వీర్ అన్నది అందరినీ కలిపి చెప్పే మాట. తమిళనాడులో ట్రాన్స్ మహిళను తిరునంగై అనీ, ట్రాన్స్ పురుషుణ్ని తిరునంబి అనీ గౌరవంగా పిలుస్తారు. తిరునంగై అన్న మాట కరుణానిధి ప్రభుత్వం వాడుకలోకి తేవడంతో జనంలో నిలిచింది.

పని దగ్గర ఈ రెండు వర్గాల కష్టాలు ఒక్కటి కావు. ట్రాన్స్ వ్యక్తికి గుమ్మంలోనే అడ్డు పడుతుంది. సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఎదుట మరో రూపం కనబడగానే ఇంటర్వ్యూ ముగిసిపోతుంది. గే, లెస్బియన్ ఉద్యోగులకు ఉద్యోగం దొరకడం అంత కష్టం కాకపోవచ్చు. దొరికాక దాచుకోవడమే బరువు. పెళ్లెప్పుడన్న ప్రశ్నను రోజూ తప్పించుకోవాలి. తెలుగు సినిమా హాస్యం నేర్పిన ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’ వంటి వెటకారాలు భోజనాల బల్ల దగ్గర వినబడితే అందరితోపాటు నవ్వాలి. ఏళ్లుగా కలిసి బతుకుతున్న భాగస్వామి ఆసుపత్రిలో ఉన్నా సెలవు అడగడానికి కారణం చెప్పలేరు.

సంఖ్యలు కొంతవరకే దొరుకుతాయి. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష అన్న గడులు కాక ‘ఇతరులు’ అన్న గడిలో దేశమంతటా 4,87,803 మంది నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారు 43,769 మంది, తమిళనాడులో 22,364 మంది. గే, లెస్బియన్ వ్యక్తులు ఆ లెక్కలోకి రారు. ఈ వెలివేత దేశానికి ఎంత నష్టమో ఆర్థికవేత్త లీ బ్యాడ్జెట్ ప్రపంచ బ్యాంకు కోసం 2014లో అంచనా కట్టారు. స్వలింగ ఆకర్షణ పట్ల వివక్ష వల్ల ఉత్పాదకతలోనూ ఆరోగ్యంలోనూ కలిగే నష్టం స్థూల దేశీయోత్పత్తిలో 0.1 నుంచి 1.7 శాతం దాకా ఉండవచ్చని ఆమె లెక్కలో తేలింది.

చట్టం ఎంతవరకు వచ్చింది

స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377వ సెక్షన్ 1860 నాటి భారత శిక్షాస్మృతిలోది. ఢిల్లీ హైకోర్టు 2009 జులై 2న దాని పదును తీసేసింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరకు 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని తేల్చింది. ఈ మధ్యలోనే, 2014 ఏప్రిల్ 15న, సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నాల్సా) కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును హక్కుగా ఒప్పుకుంది. తమిళనాడు 2008లోనే వారికోసం సంక్షేమ బోర్డు పెట్టింది.

ప్రైవేటు యజమానులను నేరుగా తాకిన చట్టం 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం. ఇది 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీ, ఫర్మ్, సహకార సంఘం, ట్రస్టు, ఏజెన్సీ అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. నియామకంలో గానీ పదోన్నతిలో గానీ వివక్ష చూపకూడదని 9వ సెక్షన్ చెబుతుంది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని 11వ సెక్షన్ చెబుతుంది. అందిన ఫిర్యాదును పదిహేను రోజుల్లో విచారించాలని, సమాన అవకాశాల విధానాన్ని రాసి అందరికీ కనబడేలా పెట్టాలని 2020 నియమాలు చెబుతాయి. ఇది కేంద్ర చట్టం. ఊత్తుకోటలో ఇల్లుండి, సరిహద్దు దాటి ఆంధ్రలోని శ్రీసిటీ ఫ్యాక్టరీకి పోయే ట్రాన్స్ కార్మికురాలికైనా, ఇటు గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడకు పోయే ట్రాన్స్ కార్మికుడికైనా ఒకే రక్షణ వర్తిస్తుంది.

చట్టంలో ఖాళీ మాత్రం పెద్దదే ఉంది. రాజ్యాంగంలోని సమానత్వ అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తాయి. గే లేదా లెస్బియన్ అన్న కారణంగా ప్రైవేటు యజమాని ఉద్యోగం తీసేస్తే, ట్రాన్స్‌జెండర్ చట్టంలాగా నేరుగా అడ్డుపడే ప్రత్యేక చట్టం లేదు. భాగస్వామికి బీమా ఇవ్వడం, ఇవ్వకపోవడం కంపెనీ ఇష్టమే. చట్టం ఆగిన ఈ చోట పని చేయగలిగేది యజమానిని ఒప్పించడం ఒక్కటే. వ్యక్తుల కృషికి ఇంత విలువ రావడానికి కారణం ఇదే.

లోపలినుంచి అడిగినవాళ్లు

అడగడంలో మొదటి తీరు ఉద్యోగులే లోపలినుంచి అడగడం. అమెరికాలో సాఫ్ట్‌వేర్ సంస్థ లోటస్ డెవలప్‌మెంట్‌లో ముగ్గురు ఉద్యోగినులు 1989లో ఒక అర్జీ పెట్టారు. పెళ్లయిన ఉద్యోగుల భార్యాభర్తలకు ఇచ్చే బీమా తమ భాగస్వాములకూ ఇవ్వాలన్నది వారి కోరిక. రెండేళ్లు అడగగా 1991లో సంస్థ ఒప్పుకుంది. అంత పెద్ద లిస్టెడ్ కంపెనీ ఒకటి ఈ సౌకర్యం ఇవ్వడం అదే మొదలు. తర్వాత వందల కంపెనీలు ఆ దారిలో నడిచాయి.

రెండో తీరు పై స్థాయిలో ఉన్నవాళ్లే ముందుకు రావడం. మన దేశంలో ఈ దారి యజమాని కుర్చీ దగ్గరినుంచీ మొదలైంది. లలిత్ హోటళ్ల కార్యనిర్వాహక డైరెక్టర్ కేశవ్ సూరి తాను గే అని చెప్పి, 377వ సెక్షన్‌ను సవాలు చేస్తూ 2018లో స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. నేరమన్న ముద్ర ఉన్నంతకాలం ఉద్యోగిగానైనా యజమానిగానైనా ధైర్యంగా పనిచేయడం కుదరదన్నది ఆయన వాదన సారం. ఆయన హోటళ్లు ట్రాన్స్ వ్యక్తులను ఉద్యోగాల్లోకి తీసుకున్నాయి. గోద్రెజ్ సంస్థలో ఇండియా కల్చర్ ల్యాబ్‌ను నడిపిన పరమేశ్ షహానీది మరో తరహా. ఆయన, నయనికా నంబియార్ కలిసి 2018 చివర్లో ట్రాన్స్ వ్యక్తులను ఉద్యోగాల్లోకి ఎలా తీసుకోవాలో చెప్పే ప్రణాళికా పత్రం వెలువరించారు. 2020లో వచ్చిన ‘క్వీరిస్తాన్’ పుస్తకంలో షహానీ భారతీయ కార్యాలయాల అనుభవాన్ని గుదిగుచ్చారు. యజమానికి జాలి కథలు చెప్పి లాభం లేదని, ప్రతిభ, చట్టం, లాభం భాషలో మాట్లాడాలని ఆయన గ్రహించారు.

మధ్యవర్తులు

‘మేం తీసుకుంటాం, కానీ మనుషులు దొరకరు’ అని కంపెనీలు అంటాయి. ‘మేం సిద్ధమే, కానీ పిలిచేవారు లేరు’ అని అభ్యర్థులు అంటారు. ఇద్దరి మధ్య దారి వేయడమే మూడో తీరు. నీలం జైన్ 2017లో చెన్నైలో స్థాపించిన పెరిఫెరీ ఈ పని పెట్టుకుంది. బడి మధ్యలో ఆగిపోయినవారికి, ఇంటినుంచి గెంటేయబడ్డవారికి కార్యాలయంలో మాట్లాడే తీరు, కంప్యూటర్ పని నేర్పి కంపెనీలకు పంపడం అందులో సగం. వాళ్లు చేరబోయే చోట పై అధికారినుంచి కాపలాదారు దాకా అందరినీ కూర్చోబెట్టి ముందుగా మాట్లాడటం మిగతా సగం. రెండో సగం వదిలేస్తే మొదటి సగం వృథా అవుతుంది.

రామకృష్ణ సిన్హా, శ్రీని రామస్వామి కలిసి మొదలుపెట్టిన ప్రైడ్ సర్కిల్ 2019 జులైలో బెంగళూరులో ఎల్‌జీబీటీక్యూ వ్యక్తులకోసం ఉద్యోగ మేళా పెట్టింది. కంపెనీలు వరుసగా బల్లలు వేసుకుని కూర్చుని అభ్యర్థులను పిలిచాయి. మరుసటి ఏడాది అదే సంస్థ, కేశవ్ సూరి ఫౌండేషన్, వ్యాపార సంస్థల సమాఖ్య ఫిక్కీ, బ్రిటన్‌కు చెందిన హక్కుల సంస్థ స్టోన్‌వాల్ కలిసి, ఎల్‌జీబీటీక్యూ ఉద్యోగులను ఎలా చూస్తాయన్నదాన్ని బట్టి భారతీయ కంపెనీలకు మార్కులు వేసే సూచీ తెచ్చాయి. పోటీ కంపెనీకి మంచి మార్కులు వస్తే తమకూ కావాలనిపించే వ్యాపార స్వభావాన్ని ఈ సూచీ వాడుకుంటుంది.

కోర్టు మెట్లెక్కినవాళ్లు

అడిగితే వినని చోట నాలుగో తీరు కోర్టు. తూత్తుకుడి జిల్లా తిరుచెందూరుకు చెందిన ఇంజినీరింగ్ పట్టభద్రురాలు షానవి పొన్నుస్వామి, ఎయిర్ ఇండియా విమాన సిబ్బంది ఉద్యోగానికి దరఖాస్తు చేసి నిరాశపడి 2017లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ట్రాన్స్ మహిళ అయినందుకే తనను పక్కన పెట్టారని ఆమె వాదించారు, అర్హత మార్కులు రాలేదని సంస్థ వాదించింది. బతుకుతెరువు లేదని 2018లో ఆమె రాష్ట్రపతికి కారుణ్య మరణం కోరుతూ లేఖ రాయడం దేశాన్ని కదిలించింది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసులో స్పందిస్తూ, ట్రాన్స్ వ్యక్తుల ఉద్యోగాలకు తగిన సర్దుబాట్లతో విధానం రూపొందించాలని కేంద్రాన్ని అడిగింది. షానవి అడిగింది ఒక్క ఉద్యోగం. ఆ అర్జీ పుణ్యాన చర్చ దేశంలోని సంస్థలన్నిటి దాకా వెళ్లింది.

ప్రైవేటు బడుల్లో ఉద్యోగం పోగొట్టుకున్న ఉపాధ్యాయురాలు జేన్ కౌశిక్ కేసులో 2025 అక్టోబరు 17న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఆమెకు పరిహారం ఇప్పించడమే కాక, ట్రాన్స్ వ్యక్తులకు సమాన అవకాశాల విధానం తయారు చేసేందుకు విశ్రాంత న్యాయమూర్తి ఆశా మేనన్ అధ్యక్షతన సలహా సంఘాన్ని నియమించింది. మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులు మరో మలుపు. ఇద్దరు యువతుల కేసు ముందుకు వస్తే, ఈ విషయం తనకే సరిగా తెలియదని ఒప్పుకుని ఆయన మనస్తత్వవేత్త దగ్గర కూర్చుని నేర్చుకుని మరీ తీర్పు రాశారు. ఆ కేసు ఫలితంగానే 2022లో తమిళనాడు ప్రభుత్వం గౌరవంగా వాడాల్సిన పదాల పట్టికను గెజిట్‌లో ప్రచురించింది.

స్వలింగ జంటలకు పెళ్లి హక్కు కోరిన కేసులో మొదటి అర్జీదారులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్ వాసులు. 2023 అక్టోబరు 17 తీర్పు వాళ్లు కోరింది ఇవ్వలేదు. అయినా వాళ్లు తెరిచిన చర్చ బ్యాంకు కిటికీ దగ్గర ఫలించింది. ఉమ్మడి ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి క్వీర్ వ్యక్తులకు ఏ అడ్డూ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. యాక్సిస్ బ్యాంకు అంతకు మూడేళ్ల ముందే, 2021 సెప్టెంబరు 6న, ఈ సౌకర్యాన్ని తన ఖాతాదారులకూ, భాగస్వామికి వైద్య బీమాను తన ఉద్యోగులకూ ప్రకటించింది.

కొనేవాళ్ల మాట

ఐదో తీరు కొనుగోలుదారులది, వాటాదారులది. అమెరికాలో క్రాకర్ బ్యారెల్ అనే హోటళ్ల సంస్థ 1991లో గే, లెస్బియన్ ఉద్యోగులను తొలగించాలని నిర్ణయించింది. జార్జియాలో వంట చేసే షెరిల్ సమ్మర్‌విల్‌కు ఇచ్చిన తొలగింపు కాగితంలో ఆ కారణమే రాసి పెట్టారు. ఆమె ఆ కాగితాన్ని అందరికీ చూపించారు. ఉద్యమకారులు కంపెనీలో ఒక్కొక్క షేరు కొని వార్షిక సమావేశాలకు వెళ్లి ప్రశ్నించారు. న్యూయార్క్ నగర ఉద్యోగుల పింఛను నిధి పదేపదే తీర్మానం పెట్టింది. పదకొండేళ్లకు, 2002లో, వాటాదారుల్లో 58 శాతం మద్దతు పలికాక కంపెనీ దిగివచ్చి విధానం మార్చుకుంది.

మన దగ్గర ‘కొనేవాళ్లు ఏమనుకుంటారో’ అన్న మాట వ్యాపారి నోట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆదిలాబాద్ రిమ్స్‌లో వైద్యం చదివిన ప్రాచీ రాథోడ్ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేశారు. ఆమె ట్రాన్స్ మహిళ కావడం వల్ల రోగులు తగ్గుతారని యాజమాన్యం భావించడంతో ఆమె బయటకు రావాల్సి వచ్చింది. 2022 చివర్లో ఆమె, మరో ట్రాన్స్ వైద్యురాలు రూత్ జాన్ పాల్ ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరారు. ప్రైవేటు సంస్థకు పనికిరాని డిగ్రీ రోజూ వందలమంది పేదలు వచ్చే ఆసుపత్రికి పనికొచ్చింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగం 39 మంది ట్రాన్స్ వ్యక్తులను అసిస్టెంట్లుగా తీసుకుంది. జనం వారి చేతి సైగకు ఆగుతున్నారు, కదులుతున్నారు.

ఎదురుగాలి

ఒక్కరి గొంతు కంపెనీని ముందుకు నడిపించినట్టే వెనక్కీ లాగగలదు. 2021 అక్టోబరులో డాబర్ సంస్థ భర్త క్షేమం కోసం చేసే కర్వా చౌత్ వ్రతాన్ని ఇద్దరు స్త్రీలు కలిసి నోచుకున్నట్టు చూపిన ప్రకటనను మధ్యప్రదేశ్ హోంమంత్రి హెచ్చరికతో ఉపసంహరించుకుంది. అమెరికాలో 2024లో రాబీ స్టార్‌బక్ అనే ఒకే ఒక్క వ్యక్తి కంపెనీల్లోని వైవిధ్య, ఎల్‌జీబీటీక్యూ కార్యక్రమాలకు వ్యతిరేకంగా సామాజిక మాధ్యమాల్లో వరుస ప్రచారాలు చేశాడు. ట్రాక్టర్ సప్లయ్, హార్లీ డేవిడ్సన్, ఫోర్డ్ వంటి సంస్థలు ఆ కార్యక్రమాల్లో కొన్నిటిని మానుకున్నాయి. ప్రైడ్ ఉత్సవాలకు చందాలు, సూచీల్లో పాల్గొనడం ముందుగా ఆగిపోయినవాటిలో ఉన్నాయి. ప్రైడ్ నెలగా జరిపే జూన్‌లో ఇంద్రధనుస్సు రంగులు పూసుకుని జులైలో కడిగేసుకోవడం సులువు. ఉద్యోగ నిబంధనల్లో రాసిన బీమాను, ఫిర్యాదు విధానాన్ని, పదోన్నతి పద్ధతిని తీసేయడం అంత సులువు కాదు. అనుభవమున్న కార్యకర్తలు అందుకే ప్రకటనను కాక కాగితం మీద రాసిన నియమాన్ని అడుగుతారు.

నియమంలో ఏముండాలి

కొచ్చి మెట్రో 2017లో ఇరవైమందికి పైగా ట్రాన్స్ వ్యక్తులను తీసుకున్నప్పుడు దేశమంతా మెచ్చుకుంది. తొలి వారాల్లోనే ఎనిమిదిమంది మానేశారు. పని కష్టమై కాదు, నగరంలో ఎవరూ ఇల్లు అద్దెకివ్వక. లాడ్జి గదికి కట్టే డబ్బు జీతాన్ని తినేసింది. ఉద్యోగం ఇవ్వడంతో పని పూర్తి కాదని ఆ అనుభవం నేర్పింది.

అందువల్ల సంస్థలను అడగాల్సినవి చిన్నవిగా, కచ్చితంగా ఉంటాయి. దరఖాస్తు ఫారంలో జెండర్ గడి మార్చడం, పాత సర్టిఫికెట్‌లో పేరు వేరుగా ఉన్నా ఒప్పుకునే పద్ధతి, ఎవరైనా వాడుకోగలిగే మరుగుదొడ్డి, రాత్రి పనికి వాహనం, వసతి వెతకడంలో చేయూత, భాగస్వామిని చేర్చే బీమా, వెటకారాన్ని తప్పుగా గుర్తించే నడవడి నియమం, పేరు రాసి గోడకు పెట్టిన ఫిర్యాదుల అధికారి. రిజర్వ్ బ్యాంకు 2015 ఏప్రిల్‌లోనే బ్యాంకు ఫారాల్లో మూడో జెండర్ గడి చేర్చమని ఆదేశించింది. ఒక గడి చేర్చడానికి అయ్యే ఖర్చు ఎంతో తక్కువ. అది లేకపోతే కిటికీ దగ్గరినుంచే వెనుదిరిగే మనిషికి కలిగే నష్టం పెద్దది.

చిన్న ఊళ్లో చిన్న అంగడి

ఈ కథల్లో ఎక్కువ భాగం నగరాలవి, పెద్ద కంపెనీలవి. ఊత్తుకోట, తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లా తెలుగు ఊళ్లలో వ్యాపారమంటే బట్టల కొట్టు, కిరాణా, మెస్సు, కల్యాణ మండపం, ఎరువుల అంగడి. వాటికి మానవ వనరుల విభాగం ఉండదు. యజమాని మాటే విధానం. అది అడ్డంకీ అవుతుంది, వీలూ అవుతుంది. పెద్ద కంపెనీలో మూడేళ్లు పట్టే మార్పు ఇక్కడ ఒక సాయంత్రం మాటల్లో జరగవచ్చు. తర్వాత ఒక పాత ఖాతాదారు ముఖం చిట్లిస్తే అదే వేగంతో వెనక్కీ పోవచ్చు.

చదువు వైపు పునాది ఈ ప్రాంతంలో లేకపోలేదు. తమిళనాడులో ఇంజినీరింగ్ చదువులో చేరిన తొలి ట్రాన్స్ విద్యార్థినిగా పేరొందిన గ్రేస్ బాను చదివింది తిరుత్తణి పక్కనున్న అరక్కోణం కళాశాలలోనే. ఉద్యోగాల్లో, చదువుల్లో ప్రతి కుల వర్గం కోటాలోనూ ట్రాన్స్ వ్యక్తులకు విడిగా వాటా ఇచ్చే హారిజాంటల్ రిజర్వేషన్ కావాలన్నది ఆమె ఉద్యమం. దళిత ట్రాన్స్ మహిళకు రెండు వివక్షలూ ఒకేసారి తగులుతాయన్నది ఆమె ముందుకు తెచ్చిన వాదన. కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో ఒక శాతం ఇచ్చింది. తమిళనాడు 2025లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకోసం రాష్ట్ర విధానం ప్రకటించింది.

ప్రభుత్వ విధానం అంగడి దాకా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు మాట్లాడాలి. చిన్న ఊళ్లో ఆ మాట పనిచేసే తీరు వేరు. యజమానికి తెలిసిన మనిషి, పాత ఖాతాదారో బడి పంతులో, ఒక అభ్యర్థిని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయడం గుర్తు తెలియని అర్జీకన్నా బలమైనది. గోదాములో సరుకు లెక్కతోనో, వంటింటి పనితోనో మొదలుపెట్టి, రెండు నెలలకు ముందు వరుసలోకి తేవడం యజమాని భయాన్ని తగ్గించవచ్చు. ఎప్పటికీ వెనకే దాచి ఉంచితే మాత్రం అది మరో రకం వెలి అవుతుంది. పిలిచే పేరు, జీతం, సెలవు మిగతా పనివాళ్లతో సమానంగా ఉంటేనే ఆ పని ఉద్యోగం అనిపించుకుంటుంది. సంస్థ ఫర్మ్‌గానో కంపెనీగానో నడుస్తుంటే ఫిర్యాదుల అధికారి పేరు రాసి పెట్టడం యజమాని దయ కాదు, 2020 నుంచి చట్టం పెట్టిన బాధ్యత.